ఐదు సీట్ల యూనిఫాం

పెళ్లయిన నలభై ఒకటో రోజున మేం కారు బుక్ చేశాం. రోజులు లెక్కపెట్టుకుంటున్నానని నవ్వకండి. "మా ఆయన" అనే మాట నాకింకా కొత్త గాజులాగే ఉంది. అవసరం లేకపోయినా చెయ్యి ఊపి చప్పుడు వింటుంటాను. ఒకసారి కూరగాయల కొట్టులో "మా ఆయనకి వంకాయ పడదండీ" అని గొప్పగా చెప్పి వచ్చేశాను. ఆయనకి వంకాయంటే ప్రాణమని ఆ సాయంత్రమే తెలిసింది.

మా ఆయన కళ్లద్దాల షాపులో కళ్లు పరీక్షిస్తారు. రోజంతా జనం కళ్ల ముందు అద్దాలు మార్చి మార్చి "ఇది బాగుందా, ఇది బాగుందా?" అని అడగడం అలవాటైపోయి, ఇంట్లోనూ అదే ధోరణి. షోరూములో రంగుల కార్డు నా ముఖానికి జానెడు దూరంలో పట్టుకుని, "ఇదా... ఇదా? మొదటిదా, రెండోదా? తొందరేం లేదు, ఊపిరి పీల్చుకుని చెప్పు" అన్నారు. షోరూమ్ అమ్మాయి నవ్వాపుకోలేక అటు తిరిగింది. వాన పడబోయే ముందు మబ్బుకుండే రంగు ఎంచుకున్నాను. చిన్న కారే. నేను రోజూ హైవే మీద మా ఫ్యాక్టరీకి వెళ్లి రావడానికి, సెలవురోజు నలుగురం ఎటైనా పోయి రావడానికి.

మాది మందుల ఫ్యాక్టరీ. మందు పెట్టెలో ఎనిమిది మడతలు పెట్టిన కాగితం ఒకటి ఉంటుంది, చూశారా? దోమకాళ్లంత అక్షరాలతో. మీరు విప్పకుండానే పారేస్తారే, అదే. దాన్ని మొదటి అక్షరం నుంచి చివరి అక్షరం దాకా చదివి సరిచూడటం నా ఉద్యోగం. "ఎవరూ చదవనిది చదివి జీతం తెచ్చుకుంటోంది మా కోడలు" అని మామయ్య వీధంతా చెప్పుకుంటారు. ఆయన బస్సు కండక్టరుగా చేసి రిటైరయ్యారు. ఇప్పటికీ ఎవరింటి గుమ్మంలోనైనా నాలుగు జతల చెప్పులు కనిపిస్తే చాలు, "ముందుకు జరగండి, ముందుకు జరగండి" అంటూ లోపలికి వెళతారు.

ఇక అత్తయ్య. ఈ కథ ఆవిడదే.

మా ఇంటి ముందు గదిలో, కిటికీ పక్కన ఒక కుట్టు మిషను ఉంది. ఇరవై రెండేళ్లు అత్తయ్య దాని మీద ఒకే బడికి యూనిఫాంలు కుట్టారు. కిందటేడు బడివాళ్లు రెడీమేడ్ బట్టలకి మారిపోయారు. ఆ మాట చెప్పేటప్పటికే అత్తయ్య ఆ ఏటికి కావలసిన ముదురు నీలం గుడ్డ తాన్ల కొద్దీ తెచ్చి బీరువాలో పెట్టుకున్నారట. అప్పటినుంచి మిషను మీద పాత దుప్పటి కప్పి ఉంది. నేను కాపురానికి వచ్చిన మొదటి వారం అదేదో బల్ల అనుకుని దాని మీద కాఫీ కప్పు పెట్టబోయాను. అత్తయ్య ఏమీ అనలేదు. కప్పు తీసి నా చేతికిచ్చి వెళ్లిపోయారు. ఆవిడ ఎవరినీ ఏమీ అనరు. అదే నాకు భయం. తిట్టే అత్తగారైతే ఏదో ఒకటి చేసి నవ్వించొచ్చు. కిటికీ దగ్గర కూర్చుని ఊరికే బయటికి చూసే అత్తగారిని ఏం చేస్తాం?

"ఆ మిషను తీసేయాలి. చోటు దండగ," అని ఒకరోజు అన్నం తింటూ అత్తయ్యే తేల్చేశారు. "పాత సామాన్లు కొనేవాడితో మాట్లాడాను. వచ్చే నెల మొదటి సోమవారం వస్తానన్నాడు."

మామయ్య మజ్జిగ గ్లాసు ఎత్తినవారు ఎత్తినట్టే ఉండిపోయారు. "దానికేమే, తిండి పెడుతున్నావా, నీళ్లు పోస్తున్నావా? ఉండనీ."

"ఉండి ఏం చేస్తుంది, నాలాగా?"

మా ఆయన పళ్లెం వైపే చూస్తూ తినేశారు.

ఇలా ఉండగా కారు బుక్ చేసిన మర్నాడు నలుగురం కలిసి కార్ల అలంకరణ సామాన్ల షాపుకి వెళ్లాం. అబ్బ, ఆ షాపు! బొమ్మల కొట్టులోకి పిల్లల్ని వదిలినట్టయింది మా ఇద్దరి పని. కాళ్ల కింద మ్యాట్లు, ఫోను పెట్టుకునే స్టాండు, కిటికీలకి ఎండ తెరలు. వీటన్నిటికన్నా నా మనసు దోచుకున్నది చెత్తబుట్ట. అరచేతిలో పట్టేంత బుట్ట, దానికొక మూత, మూతకొక బుల్లి పిడి.

"ఇందులో ఏం చెత్త పడుతుందే?" అన్నారు మామయ్య. "రెండు టిక్కెట్లు వేస్తే నిండిపోతుంది."

"అందుకే బాగుంది మామయ్యా!"

షాపాయన మా వాలకం చూసి పసిగట్టేశాడు. "కొత్తగా పెళ్లయిందా? అయితే ఈ మెడ దిండ్లు చూడండి. జంట. దీని మీద రాజు, దీని మీద రాణి."

"రాణిగారు బండి నడుపుతారు," అన్నారు మా ఆయన. "రాజుగారు పక్కన కూర్చుని భయపడతారు. అలాంటి బొమ్మ ఉందా?"

చివరికి సీటు కవర్ల దగ్గరికి వచ్చాం. షాపాయన నల్లగా మెరిసేవి నాలుగు రకాలు పరిచాడు. అంతదాకా ఒక మూల స్టూలు మీద కూర్చున్న అత్తయ్య లేచి వచ్చి, ఒక కవరు చేతిలోకి తీసుకుని, లోపలిది బయటికి తిరగేశారు.

"లోపలేం చూస్తారమ్మా? అందం పైన ఉంటేనూ!"

"కుట్టు లోపలే చూడాలి నాయనా. పైన అందరూ బాగానే కుడతారు." మూల మీద బొటనవేలితో నొక్కారు. "ఇది ఆర్నెల్లకి పళ్లికిలిస్తుంది."

షాపాయనకి కోపం రాలేదు గానీ, నవ్వొచ్చింది. అది ఇంకా ఘోరం. "ఇది కారు సీటమ్మా. లంగా జాకెట్టా? ఇంట్లో మిషను మీద అయ్యే పని కాదిది."

అత్తయ్య కవరు నెమ్మదిగా మడిచి, ఎక్కడ తీశారో అక్కడే పెట్టి, బయటికెళ్లి నిలబడ్డారు. గాజు తలుపులోంచి ఆవిడ వీపు కనిపిస్తోంది. నా నోరు ఊరుకోదు కదా.

"కవర్లు వద్దండీ," అన్నాను. "మా అత్తయ్య కుడతారు."

తిరిగి వచ్చేటప్పుడు ఆటోలో అత్తయ్య నా పక్కనే కూర్చున్నారు.

"నన్నడిగావా?"

"లేదత్తయ్యా."

"అడిగితే వద్దనేదాన్ని."

"అందుకే అడగలేదు."

ఆటో రెండు మలుపులు తిరిగింది. అత్తయ్య రోడ్డు వైపే చూస్తూ, "కారు ఇంకా రాలేదుగా. కొలతలు ఎలా మరి?" అన్నారు. నేను చెత్తబుట్టని ఒళ్లో గట్టిగా పట్టుకున్నాను, అది ఎగిరిపోతుందన్నట్టు. ఎగిరిపోయేలా ఉన్నది నేనే.

ఆ మర్నాడే షోరూముకి వెళ్లాం. అక్కడ ప్రదర్శనకి పెట్టిన కారు ఉంది, అచ్చం మేం బుక్ చేసినటువంటిదే. అత్తయ్య మెళ్లో టేపు వేసుకుని, చేతిలో సుద్దముక్క పట్టుకుని లోపలికి దూరారు. ఆవిడ చెబుతుంటే నేను పుస్తకంలో రాశాను. "ముందు సీటు భుజం పంతొమ్మిది. రాసుకో. నడుము ఇరవై. మెడ ఎక్కువ లేదు. వీడికి పొట్ట కొంచెం ఎత్తు, రెండు వేళ్లు వదులివ్వాలి." అటుగా వెళుతున్న మేనేజరు ఆగిపోయాడు. "ఎవరికమ్మా కుడుతున్నారు?"

"ఇదుగో, ఈ ఐదుగురికి," అన్నారు అత్తయ్య, తల బయటికి పెట్టకుండానే.

మా ఇంటికి ఆ రెండు వారాలు ఏదో కళ వచ్చింది. దుప్పటి పోయింది. బీరువాలోంచి నీలం తాన్లు బయటికొచ్చాయి. "పిల్లల కోసం తెచ్చిన గుడ్డ, పిల్లలకే వేద్దాం," అన్నారు అత్తయ్య. నేను ఫ్యాక్టరీ నుంచి వచ్చేసరికి వీధి మలుపు దగ్గరికే మిషను చప్పుడు వినిపించేది. సూదిలో దారం ఎక్కించే పని నాదైంది. అత్తయ్యకి దగ్గరి చూపు సరిగా ఆనదు. కన్న కొడుకు రోజూ నలభై మంది కళ్లు చూస్తారు గానీ, ఆవిడ మాత్రం ఆ కుర్చీలో కూర్చోరు. "వాడి ముందు అక్షరాలు తప్పు చదివితే పరువేం కాను?" అంటారు.

దారం ఎక్కించేటప్పుడే కబుర్లు. మెడ దగ్గర లేబులు గుచ్చుకుని ఒక పిల్ల ఏడిస్తే, అప్పటినుంచి ప్రతి చొక్కా లేబులూ లోపలికి మడిచి, గుచ్చుకోకుండా నాలుగు చేతికుట్లు వేసేవారట. "ఇరవై రెండేళ్లలో ఒక్క చొక్కా చంకలో చిరిగిందని వెనక్కి రాలేదమ్మాయ్," అన్నారు. గొప్పకి కాదు, వాతావరణం గురించి చెప్పినట్టు చెప్పారు.

కారు శుక్రవారం వచ్చింది. తాళాలు నా చేతికిస్తూ మా ఆయన చెవిలో, "నీకో సంగతి చెప్పలేదు. బుక్ చేసిన వారానికి వెళ్లి, పై రకానికి మార్చేశాను" అన్నారు.

"ఎందుకు?"

"రోజూ హైవే మీద లారీల మధ్య వెళ్లేది నువ్వు. దీనికి ఆరు ఎయిర్‌బ్యాగులు. ముందు రెండే కాదు, పక్కన కూడా..."

"రివర్స్ కెమెరా కూడా ఉందా!" అని అరిచాను. తెర మీద మా వెనకాల మామయ్య చేతులు ఊపుతూ "రానీ, రానీ, రైట్" అంటూ కనిపిస్తున్నారు. మిగతాది నా చెవికెక్కలేదు. ఎక్కి ఉంటే బాగుండేది.

శనివారం పొద్దున కవర్లు తొడిగాం. తొడిగింది అత్తయ్య. మేం తలుపులు పట్టుకున్నాం. ముదురు నీలం గుడ్డ, అంచుల్లో తెల్ల పైపింగు, ఎక్కడా ఒక్క ముడత లేదు. తొడగడం పూర్తయ్యాక అత్తయ్య నాలుగడుగులు వెనక్కి వేసి నిలబడ్డారు. సీట్ల మీది తలదిండ్లతో సహా, ముందు ఇద్దరు, వెనక ముగ్గురు, అచ్చం యూనిఫాం వేసుకుని బడి గంట కోసం ఎదురుచూస్తున్న పిల్లల్లా ఉన్నారు.

అత్తయ్య ముఖం ఎలా వెలిగిందో నేను రాయలేను. దుప్పటి కప్పిన మిషను పక్కన కూర్చునే ఆవిడ ఈవిడేనంటే మీరు నమ్మరు.

ఎదురింట్లో ఉండే పళ్ల డాక్టరుగారు గేటు దాటి వచ్చి మరీ చూశారు. "ఎక్కడ కుట్టించారండీ? మా కారుకీ కావాలి. మా క్లినిక్‌లో పేషెంట్ కుర్చీకి కూడా."

"ముందు దీని మీద నాలుగు రోజులు కూర్చోనివ్వండి. బాగుంటే చూద్దాం," అన్నారు అత్తయ్య. లోపలికి వెళుతూ మామయ్యతో, "సోమవారం వాడొస్తే మిషను ఇవ్వటం లేదని చెప్పేయండి," అన్నారు. మామయ్య నా వైపు తిరిగి, రెండు వేళ్లతో ఈల వేస్తున్నట్టు అభినయించారు. చప్పుడు మాత్రం రానివ్వలేదు.

మర్నాడు ఆదివారం అందరం అత్తయ్య అక్కగారింటికి వెళ్లాలని అనుకున్నాం. కారులో రెండు గంటల దారి. "మిషను అమ్మేసి హాయిగా ఉండవే" అని మొదట అన్నది ఆవిడే. అందుకని అత్తయ్యకి ఆ ప్రయాణం మరీ ముఖ్యం. ఏ చీర కట్టుకోవాలో కూడా తీసి పెట్టుకున్నారు.

శనివారం మధ్యాహ్నం భోజనాలయ్యాక నేను కారులో కూర్చుని దానితోపాటు వచ్చిన పుస్తకం తెరిచాను. కొత్త కారు పుస్తకాన్ని ఎవరైనా చదువుతారా? నేను చదువుతాను. మొదటి పేజీ నుంచి. పెన్సిలు పట్టుకుని. డెబ్బై మూడో పేజీ అడుగున ఒక పెట్టెలో సన్నటి అక్షరాలు ఉన్నాయి. ముందు సీట్ల పక్కభాగంలో ఎయిర్‌బ్యాగు ఉంది, గుద్దుకున్నప్పుడు అది సీటు పక్క కుట్టు చీల్చుకుని బయటికి వస్తుంది, ఆ భాగాన్ని మూసేసే సీటు కవర్లు వాడరాదు.

మళ్లీ చదివాను. చదివింది ఒక్కోసారి మారుతుందేమో అన్నట్టు మూడోసారి కూడా. నా పక్కనే ఉన్న సీటుని చేత్తో తడిమాను. నీలం గుడ్డ, దిట్టమైన కుట్టు. ఇరవై రెండేళ్లలో ఒక్కసారి కూడా విడిపోని కుట్టు.

అప్పుడు అర్థమైంది. మేం కొలతలు తీసుకున్న కారు కింది రకం. దాని సీట్లలో ఆ గాలి సంచులు లేవు. మా ఆయన నా ప్రాణం కోసం పై రకం కొన్నారు. అత్తయ్య తన ప్రాణం పెట్టి కవర్లు కుట్టారు. ఇద్దరూ నాకు ఇచ్చింది ప్రేమే, ఒకదాని మీద ఒకటి వేసి కుట్టేసినట్టయింది.

మా ఆయనని పిలిచి పక్క సీట్లో కూర్చోబెట్టి పుస్తకం చూపించాను. అందరి ముందు "మీరు" అంటాను గానీ, ఇద్దరమే ఉన్నప్పుడు "నువ్వే".

"ఇప్పుడేం చేద్దాం? నువ్వే చెప్పు," అన్నాను.

ఆయన ఆ పేజీ రెండుసార్లు చదివారు. "సోమవారం వాడు వస్తాడు కదా. మిషను కోసం."

"ఈ మాట చెబితే అత్తయ్య మళ్లీ దుప్పటి కప్పేస్తారు."

"రేపు పెద్దమ్మ వాళ్లింటికి వెళ్లొచ్చాక చెబుదామా? ఒక్క రోజే కదా."

ఒక్క రోజే. నాకూ అదే అనాలనిపించింది. కానీ ఆ ఒక్క రోజూ మేం నలుగురం హైవే మీద రెండు గంటలు వెళ్లాలి, రెండు గంటలు రావాలి. "మీ షాపులో ఎవరికైనా కంట్లో ఏదైనా తేడా కనిపిస్తే ఏం చేస్తావు?"

"కూర్చోబెట్టి నెమ్మదిగా చెబుతాను." ఆయన నిట్టూర్చారు. "చెప్పకుండా మాత్రం పంపను."

అలా తెలిసి కూడా ఆ సాయంత్రమంతా చెప్పలేకపోయాను. ముందు గదిలోకి రెండుసార్లు వెళ్లాను. రెండుసార్లూ అత్తయ్య మిషనుకి నూనె వేసి, మెత్తటి గుడ్డతో తుడుస్తున్నారు. రెండుసార్లూ "దారం ఎక్కించాలా అత్తయ్యా?" అని అడిగి వచ్చేశాను.

ఆదివారం పొద్దున బయల్దేరే వేళ. అత్తయ్య ఆకుపచ్చ చీర కట్టుకుని, ముందు సీటు తలుపు తెరిచి ఎక్కబోతున్నారు. ఇక ఆగలేకపోయాను.

"అత్తయ్యా, ఒక్క నిమిషం. ఆ సీటు..." ఎలా మొదలుపెట్టానో, ఎలా ముగించానో గుర్తులేదు. పుస్తకం చూపించాను, పేజీ చదివాను, సంచి ఎలా వస్తుందో చేతులతో చూపించాను.

అత్తయ్య చివరిదాకా విన్నారు. సీటు పక్కన వంగి, కుట్టు మీద వేలు పెట్టి నడిపించారు. "సంచి ఎక్కడుందో ఎలా తెలుస్తుంది?"

"కుట్టులో చిన్న లేబులు ఉంటుందట. ఎయిర్‌బ్యాగు అని రాసి."

ఆవిడ చెయ్యి ఆగిపోయింది.

"చూశాను," అన్నారు. "నిన్న తొడిగేటప్పుడు చూశాను. కంపెనీ లేబులనుకున్నాను. బయటికి వచ్చి కూర్చునేవాళ్లకి గుచ్చుకుంటుందని..." ఆవిడ నా వైపు చూడలేదు. "లోపలికి మడిచి నాలుగు కుట్లు వేసేశాను."

మామయ్య వెనక సీటు తలుపు దగ్గర చేతిసంచీ పట్టుకుని అలాగే నిలబడ్డారు.

"నీకెప్పుడు తెలిసింది?"

"నిన్న మధ్యాహ్నం."

"నిన్న మధ్యాహ్నం!" మొదటిసారి అత్తయ్య గొంతు పెంచడం విన్నాను. "ఇప్పటిదాకా కడుపులో పెట్టుకుని తిరిగావా?"

"మీరు బాధపడతారని..."

"బాధ నాది! నేను పడతాను. రోజూ ఆ సీట్లో కూర్చుని లారీల మధ్యకి పోయేది నువ్వు కదే!"

అనేసి గిరుక్కున తిరిగి ఇంట్లోకి వెళ్లిపోయారు. అంత కోపంలో కూడా, నన్ను "కదే" అన్నారని నా మనసు ఒక మూల గంతేసింది. పెళ్లయిన దగ్గర్నుంచి "అమ్మాయ్" తప్ప ఇంకో మాట లేదు. కానీ వెంటనే లోపలి నుంచి బీరువా తలుపు చప్పుడు వినిపించింది. మిషను మీద మళ్లీ కప్పడానికి దుప్పటి తీస్తున్నారనుకున్నాను. మా ఆయన కూడా అదే అనుకున్నట్టున్నారు, నా చెయ్యి పట్టుకున్నారు.

అత్తయ్య బయటికి వచ్చారు. ఆకుపచ్చ చీర కొంగు నడుముకి చుట్టి బిగించారు. చేతిలో సగానికి విరిచిన బ్లేడు ఉంది, కుట్లు విప్పేది.

"జరుగు," అన్నారు.

మోకాళ్ల మీద కూర్చుని ముందు డ్రైవరు సీటు కవరు పక్కకుట్టు విప్పడం మొదలుపెట్టారు. ఆ కుట్టు విప్పడానికి ఎంతసేపు పట్టిందో! ఆవిడ కుట్టు కదా మరి. తెగిన దారం ముక్కలు నేనేరుతూ నా చెత్తబుట్టలో వేశాను. మామయ్య చెప్పింది నిజమే, రెండు సీట్లకే నిండిపోయింది. చివరికి చిన్న బూడిదరంగు లేబులు బయటికొచ్చింది. అత్తయ్య దాన్ని బొటనవేలితో సాపు చేశారు, మడత పోయేదాకా.

మా ఆయన ఈలోపు షోరూముకి ఫోను చేసి కనుక్కున్నారు. పక్కభాగం పూర్తిగా వదిలేసి, వీపు, కూర్చునే చోటు మాత్రమే కప్పే కవర్లయితే వేసుకోవచ్చట. వేశాక ఒకసారి సర్వీసు సెంటరుకి తెచ్చి చూపించమన్నారు.

"అయితే ముందు సీట్లకి ఇవాళేం వద్దు," అన్నారు అత్తయ్య రెండు కవర్లూ లాగేసి మడుస్తూ. "ఎక్కండి. పొద్దు పోతోంది."

మామయ్య వెనకెక్కి తలుపు మీద రెండుసార్లు కొట్టారు. "రైట్ రైట్!"

దారి పొడవునా అత్తయ్య కిటికీలోంచి బయటికి చూస్తూ కూర్చున్నారు. పక్కన బోడి సీట్లో నేను స్టీరింగు పట్టుకుని, ఆవిడ ఏం ఆలోచిస్తున్నారో అని రోడ్డుకన్నా ఎక్కువగా ఆవిడనే చూశాను. "ముందుకి చూడు," అన్నారు ఒకసారి. అంతే.

పెద్దత్తయ్యగారు గేటు దగ్గరే ఎదురొచ్చి, కారు చుట్టూ ఒక ప్రదక్షిణం చేసి, కిటికీలోంచి తొంగిచూశారు. "బాగానే ఉన్నాయే! వెనక పిల్లలు ముగ్గురూ బడికి తయారయ్యారు. ముందు ఇద్దరికీ యూనిఫాం లేదేం? పిసినారితనమా?"

అత్తయ్య తన అక్కగారి వైపు నిదానంగా చూశారు.

"కొలత తప్పింది," అన్నారు. "మళ్లీ కుట్టాలి."

అంత మంది ముందు అత్తయ్య ఆ మాట అనగలరని నేననుకోలేదు. ఇరవై రెండేళ్లలో బహుశా ఎప్పుడూ అని ఉండరు. కానీ "మళ్లీ కుట్టాలి" అన్నది ఏ కొలతతో అన్నారో నాకు తెలియలేదు. రేపటికి మిషను ఉంటేనే కదా మళ్లీ కుట్టడం!

సోమవారం నేను సగం రోజు సెలవు పెట్టాను. తలనొప్పి అని ఫోనులో చెప్పాను. ఆ ఒక్క అబద్ధానికి నన్ను క్షమించాలి.

పదకొండు గంటలకి పాత సామాన్లాయన వచ్చాడు. గేటు ముందు ట్రాలీ ఆటో, దానిలో అప్పటికే ఒక ఫ్రిజ్, రెండు ఇనప కుర్చీలు. "మిషను అన్నారు కదండీ?" అన్నాడు మామయ్యతో.

మామయ్య జవాబు చెప్పకుండా లోపలికి చూశారు. నేనూ చూశాను. అత్తయ్య కిటికీ పక్కన మిషను ముందు కూర్చుని ఉన్నారు. ఒళ్లో నీలం కవరు, పక్కన ఎలాస్టిక్ చుట్ట, నేల మీద హుక్కులు. పక్కభాగం మొత్తం కత్తిరించేసి, వీపుని కూర్చునే చోటుతో కలిపి, కింద నుంచి ఎలాస్టిక్‌తో బిగించే ఏర్పాటు ఏదో చేస్తున్నారు. కత్తిరించిన అంచు చుట్టూ మళ్లీ తెల్ల పైపింగు.

"అమ్మా, మిషను..." అన్నాడాయన గుమ్మంలోంచి.

అత్తయ్య తల ఎత్తలేదు. "కనబడటం లేదా నాయనా? పనిలో ఉంది."

"మరి ఎప్పుడు రమ్మంటారు?"

"అది ఖాళీ అయినప్పుడు కబురు చేస్తానులే."

"సార్, మీరైనా చెప్పండి," అన్నాడతను మామయ్యతో.

"నేనేం చెప్పను?" అన్నారు మామయ్య, మొహమంతా నవ్వై. "సీట్లన్నీ ఫుల్లు. తర్వాతి బండికి రా."

పాత సామాన్లాయన తల గోక్కుంటూ వెళ్లిపోయాడు. మిషను మళ్లీ మొదలైంది. నేను గుమ్మం పట్టుకుని అలాగే నిలబడిపోయాను.

"ఏంటలా చూస్తావు? తలనొప్పి తగ్గిందా?" అన్నారు అత్తయ్య.

"మీకెలా తెలుసు?"

"ఫోనులో అంత గట్టిగా అబద్ధం ఆడితే వీధి చివరికి వినబడుతుంది. రా, దారం ఎక్కించు."

పక్కన స్టూలు మీద కూర్చుని దారం ఎక్కించాను. గుడ్డ తిప్పి పెడుతూ అత్తయ్య, "సాయంత్రం పళ్ల డాక్టరుగారు కారు తెస్తామన్నారు" అన్నారు.

"కొలతలకా? నేను రాసిపెడతాను."

"కొలతలు తర్వాత." అత్తయ్య పెడలు తొక్కడం ఆపి, తల తిప్పి నా వైపు చూశారు. "ముందు నువ్వు ఆ కారు పుస్తకం మొత్తం చదువు. ఆ సన్న అక్షరాలు కూడా. నువ్వు సరే అన్నాకే నేను టేపు తీస్తాను."

"సరే అత్తయ్యా."

"ఏదైనా తేడా ఉంటే అప్పుడే చెప్పు. మర్నాటిదాకా కడుపులో పెట్టుకోకు."

"పెట్టుకోను."

"ఆ పైన ఇంకోటి." సూది కింద గుడ్డ సర్దుకుంటూ, ఆవిడ కొంచెం గొంతు తగ్గించారు. "మావాడి షాపు ఆదివారం ఉంటుందా? నా కళ్లు ఒకసారి చూపించుకుంటాను. లేబులు మీద ఏం రాసుందో నేనే చదువుకోలేకపోయాను కదా."

నేను తల ఊపాను. మిషను చప్పుడు మళ్లీ వీధిలోకి పోయింది. కిటికీ బయట మబ్బురంగు కారులో ముందు ఇద్దరు పిల్లలు ఇంకా చొక్కా లేకుండా, తమ వంతు కోసం కూర్చుని ఉన్నారు.